పడని వానకు నా సంతకం

భూగర్భ జలాల ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు ముగ్గురు మొన్న మా ఇంటికి వచ్చారు. టీ తాగుతూ ఒకమ్మాయి ఫోను తీసి, మనూర్ దిక్కు ఉన్న ఒక పరిశీలన బోరులో నీళ్లు ఆ నిమిషాన ఎంత లోతులో ఉన్నాయో కూర్చున్న చోటి నుంచే చూపించింది. నాకు నిజంగా ఒళ్లు పులకరించింది. ఆ ఒక్క అంకె కోసం మేము ఇనుప టేపుకు సుద్దముక్క రాసి, బోరులోకి దింపి, సుద్ద ఎక్కడిదాకా తడిసిందో చూసుకుని, అది సరిగా రాకపోతే మళ్లీ తుడిచి దింపేవాళ్లం. ఎండలో ఒక్కో బోరు దగ్గర గంట పట్టేది.

పోయేముందు ఆ అమ్మాయి, "సార్, మీ సర్వీసులో గొప్పగా చెప్పుకునే పని ఏంది?" అని అడిగింది. గొప్పది అంటే వెంటనే ఏదీ తట్టలేదు. తట్టింది ఒక తప్పు. అప్పుడు సగమే చెప్పాను, వాళ్లకు బస్సు టైమైంది. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

నేను నారాయణఖేడ్ వాణ్ణి. రాష్ట్రం ఒకటిగా ఉన్నప్పుడు ఉద్యోగంలో చేరాను. మొదటి పోస్టింగు సముద్రం పక్కన. మా దగ్గర పుట్టినవాడికి అన్ని నీళ్లు ఒక్కచోట చూడటమే పెద్ద పండగ. చేరిన రోజు సాయంత్రం ఒడ్డున నిలబడి చీకటి పడేదాకా కదల్లేదు. తర్వాత తెలిసింది, నా ఉద్యోగమే ఆ సముద్రంతో తగువు అని.

పని ఇదీ. ఒడ్డు నుంచి లోపలికి వరసగా కొన్ని బావులు, బోర్లు ఉండేవి. నెలనెలా వాటి నీటిమట్టం కొలవాలి, నీళ్లలో ఉప్పు ఎంతుందో మీటరు ముంచి చూడాలి, ఆ నెల పడ్డ వానను పక్కన రాసుకోవాలి. వానలు బాగా పడితే నేలలోని మంచినీళ్లు ఉప్పునీటిని సముద్రం వైపు తోసిపెడతాయి. వానలు తగ్గి, మోటార్లు ఎక్కువ తోడితే సముద్రం నేల అడుగు నుంచి ఊళ్లలోకి నడిచి వస్తుంది. పైకి ఏమీ కనపడదు. ఒకరోజు చేను గట్టు మీద తెల్లగా పేరుతుంది, అంతే.

నాకు పని నేర్పిన సీనియర్ టెక్నీషియన్ రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. మీటరు ముంచేముందు ఆయన ప్రతి బావి నీళ్లూ ఒక చుక్క నాలుక మీద వేసుకునేవాడు. "మీటరు ఉండగా ఇదేంది సార్?" అని నవ్వితే, "మీటరుకి బ్యాటరీ అయిపోతుందయ్యా, దీనికి అవ్వదు" అనేవాడు. పాతకాలం మనిషి అనుకున్నాను. నా కొత్త మీటరంటే నాకు మహా గర్వం, దాన్ని భోజనం డబ్బా కంటే జాగ్రత్తగా మోసేవాణ్ణి.

అక్కడ ఒక రైతు బావి ఏటా ఉప్పుగా వచ్చేది. ఒక ఏడాది మంచి వానలు పడ్డాక మీటరు ముంచాను. అంకె చూసి ఎగిరి గంతేసినంత పని చేశాను. తియ్యటి నీళ్లు. పరుగున పోయి ఆ రైతుకు చెప్పాను, ఆయన నారుమడి పోసుకున్నాడు. వారంలో నారంతా పసుపెక్కి మాడింది. జరిగింది ఏమిటంటే, వాన నీళ్లు తేలిక, ఉప్పు నీళ్ల మీద మీగడలా తేలి నిలబడ్డాయి. నేను మీటరు ముంచింది మీగడలో. ఆయన మోటారు తోడింది అడుగు నుంచి. మా సీనియర్ తిడతాడనుకున్నాను, తిట్టలేదు. ఆ రైతు కూడా తిట్టలేదు. "మీరు చెప్పారు కదండీ" అన్నాడు, అంతే. మా దగ్గరైతే ఎవరైనా నా కాలరు పట్టుకునేవాళ్లు, అదే నయం. ఆ "అండీ" చాలా ఏళ్లు నన్ను వదల్లేదు.

రాష్ట్రం వేరుపడ్డాక మా ప్రాంతానికి వచ్చేశాను. ఉప్పు మీటరు కూడా నాతోనే వచ్చింది. ఖేడ్‌లో దానికేం పని అని తోటివాళ్లు నవ్వారు. పనే లేకపోలేదు. వానలు వెనకబడ్డ ఏడాది మా బోర్లు లోతుకు పోయినకొద్దీ నీళ్లు ఉప్పెక్కుతాయి. పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. దానికి సముద్రం అక్కర్లేదు, రాతి పొరల అడుగు చాలు.

మనూర్ దాటాక ఒక చిన్న ఊరు ఉంది, పేరు చెప్పను. అక్కడి బడి ఆవరణలో మా వాన కొలత డబ్బా ఒకటి. పైన గరాటు, లోపల సీసా, కొలిచేందుకు గీతల గ్లాసు. చుట్టుపక్కల నాలుగైదు ఊళ్లకు అదే లెక్క. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు సీసాలో నీళ్లు కొలిచి, రిజిస్టరులో రాసి, నాకు ఫోను చెయ్యడానికి బడి ఊడ్చే ఆమెను పెట్టాం. నాకంటే నాలుగేళ్లు చిన్నదేమో, ఏడో తరగతి చదివింది. ఆమెకు, ఆమె పెనిమిటికి రెండెకరాల కంది చేను. ఆమె నన్ను సారూ అనేది, నేను చెల్లె అనేవాణ్ణి.

మొదటి ఏడాది ఒకరోజు సీసాలో రెండు మిల్లీమీటర్లు ఉంటే, మంచు నీళ్లు అనుకుని ఆమె సున్న రాసింది. అది తెలిసి నేను బడి పిల్లల ముందే గట్టిగా కోప్పడ్డాను. నాకు ముక్కు మీద కోపం, దాచుకునేదేమీ లేదు. "నీ తెలివి మధ్యల పెట్టకు చెల్లె. సీసల ఎంతుంటే గంత రాయాలె. ఎక్కడికెల్లి వచ్చినయని నువ్వు ఆలోచన చేసుడు గాదు" అన్నాను. ఆమె తల ఊపింది. ఆనాటి నుంచి ఒక్కరోజు కూడా తేడా రాలేదు.

ఇక ఆ ఏడాది సంగతి. నేను రిటైరయ్యే ముందు వానాకాలం. మృగశిరలో, మా మాటలో మిర్గంలో, ఒక మంచి వాన పడింది, అందరూ విత్తారు, మొలకలు వచ్చాయి, ఆ తర్వాత వాన మాయమైంది. పొద్దున ఫోను ఎత్తగానే "సున్న సారూ". మర్నాడు "సున్న సారూ". ముప్పై రోజులు దాటాక ఆమె సున్న అనడం కూడా మానేసింది. "నిన్నటిదే సారూ" అనేది. పెసర పోయింది, సోయా పోయింది, కంది మాత్రం మొండిగా నిలబడింది. బోర్లలో మా టేపు తడవడమే లేదు. ఏయే ఊళ్లను కరువు జాబితాలో పెట్టాలో పైన ఆఫీసులో చూస్తున్నారు. జాబితాలో ఉంటే తాగునీటి ట్యాంకరు వస్తుంది, మళ్లీ విత్తుకునేందుకు విత్తనాలు వస్తాయి. లేకపోతే ఏదీ రాదు. దానికి ఆధారం, ఎన్ని రోజులు వరసగా వాన లేదన్న లెక్క. అంటే ఆమె రాసే సున్నలు.

నలభయ్యో రోజు దగ్గరలో పొద్దున ఫోను మోగింది.

"సారూ, అరవై రెండు."

"ఏంది?"

"అరవై రెండు మిల్లీమీటర్లు సారూ. గ్లాసు మూడు మాట్ల నిండింది, పైన ఇంత."

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఆఫీసు మొత్తానికి వినపడేలా చెప్పాను. అందరికీ టీ తెప్పించాను. ఐదు నిమిషాల్లో పై ఆఫీసుకు ఫోను చేసి, కాగితం మీద సంతకం పెట్టి పంపేశాను. మా జీపు డ్రైవరు మాత్రం గడప దగ్గర నిలబడి తల గోక్కున్నాడు.

"సార్, నిన్న పొద్దుగూకంగ నేను గా దిక్కే పోయొచ్చిన. దుమ్ము లేస్తుండె గని వాన జాడ లేదు."

"నీకు జీపు నడుపుడు తెలుసా, వాన కొలుచుడు తెలుసా?" అన్నాను.

"జీపు నడుపుడే సార్" అని వెళ్లిపోయాడు. తర్వాత మూడు రోజులు నాతో మాట్లాడలేదు. రిటైరయ్యే రోజు అతనికి క్షమాపణ చెప్పాను, అది వేరే మాట.

నాలుగో రోజు ఖేడ్ బస్టాండు దగ్గర టీ కొట్టులో ఆ ఊరి రైతు ఒకాయన కనపడ్డాడు. చేతిలో పేపరు. "ఏ వాన సారూ?" అన్నాడు నన్ను చూసి, కూర్చోమని కూడా అనకుండా. "మా ఊర్లకు వాన వడ్డదట, కరువు లేదట, మా పేర్లు తీసేస్తున్నరట. ఏ దేవుడు కురిపిచ్చిండు గా వాన? మాకు గింతన్న తాకలే?"

టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను. కళ్ల ముందు మాడిన నారుమడి. మళ్లీ అదే పని చేశాను. అంకె చూసి గంతేశాను, ఆ నీళ్లు ఎక్కడివని అడగలేదు. అడగవద్దని ఇంకొకరికి నేర్పాను కూడా.

జీపు తీయించి నేరుగా బడికి పోయాను. ఆమె వరండా ఊడుస్తోంది. నన్ను చూసి చీపురు పక్కన పెట్టింది. ఏమీ దాచలేదు.

"కప్పతల్లి ఆడినం సారూ" అంది. రోకలికి వేపమండలు, కప్పను కట్టి ఇంటింటికీ తిరిగి, ఆడవాళ్లందరూ దాని మీద నీళ్లు పోసి వాన పిలిచే వాడుక మాది. "పోచమ్మకు పోసినం, బొడ్రాయికి పోసినం. ఆఖరుకు బడికాడికి వచ్చినం. వాన లెక్క వెట్టే డబ్బ గిదే గద, దీనికి పొయ్యకపోతే ఎట్ల అని ఒక్కొక్కలం చెంబుకెల్లి ఇంత ఇంత పోసినం. ముందల నేనే పోసిన. రోజు పొద్దుగాల మూత దీసి చూసేది నేనేనాయె. నలభై దినాలు ఉత్త సీస చూసి చూసి నా పానం వశపడలే సారూ."

"మరి తెల్లారి వాన అని రాసినవేంది చెల్లె?"

"నువ్వే చెప్పినవ్ గద సారూ, సీసల ఎంతుంటే గంత రాయాలె, ఎక్కడివని ఆలోచన చెయ్యద్దని." మెల్లగా అంది. "నాకు ఎరుకనే, అది వాన గాదని. గని కాయిదం మీద వాన రాస్తే, నిజంగ వస్తదేమో అనిపించింది."

నాకు కోపం రాలేదు. ఎవరి మీద రావాలి?  ఆమె రెండెకరాలు కూడా ఆ జాబితాలోనే ఉన్నాయి. తన చేత్తోనే తన ఊరి పేరు కొట్టేసుకుంది, అదీ నేను నేర్పిన పద్ధతిలో.

"గా నీళ్లేం జేసినవ్?"

"పోచమ్మ పేరు మీద పోసిన నీళ్లు పారబోయబుద్ధి గాలే" అని లోపలికి పోయి, అలమారలోంచి ఒక సీసా తెచ్చింది.

ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాను. ఆ ఉప్పు రుచి తగిలేసరికి నాకు మళ్లీ ఇరవై ఐదేళ్ల వయసొచ్చింది. జీపు దగ్గరికి పరుగెత్తాను, ఉప్పు మీటరు తెచ్చాను. అంకె పదిహేను వందలు దాటింది. ఊళ్లో ఇంకా అంతో ఇంతో పోస్తున్నది బడి బోరు ఒక్కటే, ఆడవాళ్లు చెంబులు నింపుకున్నదీ అక్కడే, ఆ నీళ్లలో ముంచితే అదే అంకె. వాన నీటికి అది ముప్పై నలభై కూడా ఉండదు. సముద్రం ఒడ్డున మోసిన మీటరు ఇన్నేళ్లకు ఖేడ్‌లో అక్కరకొచ్చింది. ఆ బడి ముందర నేను ఒక్కణ్ణే నవ్వుతూ నిలబడితే, సారుకు ఎండదెబ్బ తాకిందేమో అని ఆమె నీళ్లు తేబోయింది.

ఆ సాయంత్రమే పై ఆఫీసుకు ఫోను చేసి అంకె తప్పని చెప్పాను. మర్నాడే విచారణకు పై నుంచి ఒక అధికారిణి వచ్చింది. చిన్న వయసు, మాట ఖచ్చితం. బడి వరండాలో కుర్చీ వేశారు, ఊరంతా చేరింది. నేను అంతా చెప్పి సీసా ముందు పెట్టాను.

ఆమె సీసా ముట్టుకోలేదు. "రైతులు వాన పడలేదనే అంటారు, జాబితాలో ఉండాలి కాబట్టి. రిజిస్టరులో పడిందని ఉంది. మీ సంతకం కూడా ఉంది. ఇక ఈ సీసాలో నీళ్లు నిన్న బోరు దగ్గర పట్టినవి కావని నేనెలా నమ్మాలి?"

 మండల కేంద్రంలో వాన కొలిచే యంత్రం ఆ రోజు సున్న చూపిందని అన్నాను. వాన ఒక ఊళ్లో పడి పక్క ఊళ్లో పడకపోవచ్చు కదా అంది. అదీ నిజమే, నేనే ఎన్నోసార్లు అలా చెప్పినవాణ్ణి. ఆడవాళ్లు ఒకేసారి మాట్లాడసాగారు. ఆ గోలలో అధికారిణి లేచి వాన డబ్బా దగ్గరికి నడిచింది. వెనకే నేను. మూత తీసి గరాటులోకి చూసి, "ఈ తెల్లటిది ఏమిటి?" అని అడిగింది.

వంగి చూశాను. గరాటు లోపల, అంచు చుట్టూ, తెల్లటి చారలు. దాని మీద నాలుగైదు రోజుల దుమ్ము. చెంబులు పోసినప్పుడు అంచుకు చిందిన నీళ్లు ఆరి పేరిన ఉప్పు. సముద్రం పక్క చేల గట్ల మీద ఎన్నిసార్లు చూశానో ఆ తెలుపును. 

"వాన నీళ్లు కావాలె" అన్నాను గట్టిగా. "ఎవరి దగ్గరన్న ఉన్నయా, నిజమైన వాన నీళ్లు?"

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నలభై రోజులుగా వాన లేని ఊళ్లో వాన నీళ్లు అడుగుతున్నాడు ఈయన, పిచ్చి పట్టిందా అని. వెనక నుంచి ట్రాక్టరు ఉన్న రైతు ఒకాయన ముందుకొచ్చాడు.

"నా తాన ఉన్నయి సారూ. ట్రాక్టర్ బ్యాటరీల పోసెతందుకు మిర్గం నాటి వాన పట్టి పెట్టుకున్న. ఎన్ని కావాలె?"

"జల్ది తే."

ఆయన బండి మీద పోయి రెండు లీటర్ల సీసా తెచ్చాడు. కడిగిన గ్లాసులో పోసి, అధికారిణి చేతికే మీటరు ఇచ్చాను. ముంచింది. ఇరవై నాలుగు. ఆ నీళ్లనే ఆ గరాటులో పోసి, ఆ తెల్లటి చారలు కరిగేలా తిప్పి, కింద గ్లాసులో పట్టాను. మళ్లీ ముంచమన్నాను.

అంకె కదిలింది. యాభై, నూట ఇరవై, మూడు వందలు, ఇంకా పైకి. ఊరంతా మా నెత్తి మీద వంగి చూస్తోంది.  ఎనిమిది వందల దగ్గర ఆగింది. ఉద్యోగంలో నేను ఎన్నో వేల అంకెలు రాశాను, ఒక అంకె పైకి ఎక్కుతుంటే అంత ఆనందపడ్డది ఆ ఒక్కరోజే. సముద్రం దగ్గర ఆ అంకె పెరిగితే భయపడేవాణ్ణి.

"ఏ వానా ఉప్పు వదిలిపెట్టి పోదు మేడం" అన్నాను.

ఆమె మీటరు నా చేతికిచ్చింది. గరాటును గోటితో గీకి చూసింది. తర్వాత నన్ను అడిగింది, "అంకె తప్పని రాసిస్తారా? తప్పు ఎవరిదో కూడా రాయాలి."

ఊడ్చే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను అక్కడే బడి బెంచీ మీద కూర్చుని రాసిచ్చాను. కొలిచినామె, నేను చెప్పిన పద్ధతి ప్రకారం, ఉన్నదున్నట్టు రాసింది, నీళ్లు ఎక్కడివో అడిగి సరిచూడవలసిన బాధ్యత నాది, చూడకుండా పంపాను, తప్పు నాది. సంతకం. రిటైర్మెంటు ముందు ఎందుకు ఇదంతా అని మా ఆఫీసులో అన్నవాళ్లున్నారు. మెమో వచ్చింది, జవాబిచ్చాను. దాన్ని ఇప్పటికీ పారెయ్యలేదు.

రిజిస్టరులో అరవై రెండు కొట్టేసి సున్న రాసే పని, ముందు ఎవరు రాశారో వాళ్లే చెయ్యాలి, అది నియమం. పెన్ను ఆమె చేతికిచ్చాను. పెన్ను పట్టుకుని ఆగిపోయింది.

"వాన రాసిన చేత్తోనే వానను కొట్టెయ్యాల్నా సారూ?"

"కొట్టెయ్యి చెల్లె. గిది పోతెనే ట్యాంకరొస్తది."

గీత గీసింది. కన్నీటి చుక్క ఒకటి కాగితం మీద పడింది. తుడవబోతే వద్దన్నాను.

ఆ ఊళ్ల పేర్లు జాబితాలోకి మళ్లీ ఎక్కాయి. ట్యాంకరు వచ్చింది, విత్తనాలూ వచ్చాయి. పోయిన పెసర, సోయా ఎలాగూ తిరిగిరాలేదు, అంత సుఖాంతం ఏమీ కాదు. ఆమె కంది మాత్రం సగం నిలబడింది.

ఇంకో పన్నెండు రోజులు సున్నలే. పదమూడో రోజు తెల్లవారక ముందే ఖేడ్‌లో మా రేకుల మీద చప్పుడు. ఎనిమిదిన్నర ఎప్పుడవుతుందా అని ఫోను చేతిలో పట్టుకుని ఇంట్లో ఆ మూల నుంచి ఈ మూలకు తిరిగాను. మా ఆవిడ విసుక్కుంది. సరిగ్గా ఎనిమిదిన్నరకు మోగింది. అవతల వాన చప్పుడు, దాని మధ్య ఆమె గొంతు. అంకె చెప్పలేదు.

"సారూ, సీస నిండున్నది. ముందుగాల ఒక్క సుక్క నాలిక మీదేసుకున్న." వాన చప్పుడుకు గొంతు పెంచింది. "సప్పగున్నయి సారూ. రాయమంటవా?"